మైకు మోసుకొచ్చిన పుకారు

మా మనవరాలు శైలజ దేవనకొండ దగ్గర ఒక ఊర్లో నర్సుగా చేరింది. చేరీ చేరగానే దాన్ని ట్రైనింగుకు పిలిచారు. టీకాల మీద ఫోన్లలో వచ్చే అబద్ధపు వార్తలను ఎట్లా ఆపాలో చెప్పారట. అబద్ధాన్ని దానంతట అదే పట్టుకునే యంత్రం ఒకటి వచ్చిందట. ఆ అబద్ధాన్ని పంపినవాడి మీద కేసు పెట్టే నిబంధన కూడా ఉందట. ఇంటికి వచ్చి సంబరంగా చెప్పింది. నేను చాటలో జొన్నలు చెరుగుతున్నాను.

"పట్టుకున్న్యాక ఏం సేస్తారంట?" అని అడిగాను.

"తీసేస్తారవ్వా."

"యాడి నుంచి?"

"ఫోన్ల నుంచి."

"మనుషుల్లో నుంచో?"

"నీకు ప్రతిదీ ఎగతాళే! అంత తెలిసినదానివైతే రాసిపెట్టు. మాతో చేరిన పిల్లలందరికీ చదివిస్తా" అని విసురుగా లోపలికి పోయింది.

సరే, రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే శైలజ దిద్దుతుంది. అక్షరం దిద్దమన్నాను గానీ మాట మెత్తన చేయవద్దన్నాను. మీకు నచ్చేట్టు రాయడానికి నేను కూర్చోలేదు.

మా పని ఏమిటంటే

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఒక సర్కారు ఆసుపత్రిలో నేను ఆయాగా చేసేదాన్ని. ఏ ఊరో రాయను. ఈ సంగతిలోని మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. మా ఆయన ఆదోనిలో జిన్నింగు మిల్లుకు పోయేవాడు. ఆ దూది దుమ్ముకు ఆయన ఊపిరి ఆడక మంచం పట్టాక డెబ్బైల మొదట్లో నేను పనిలో చేరాను.

కాగితం మీద నా పని ఊడ్చడం, సూదులు మరగబెట్టడం, సంచి మోయడం. అసలు పని వేరు. సిస్టరు కంటే ముందు గడప ఎక్కడం నా పని. మా సిస్టరు కృష్ణా జిల్లా మనిషి. ఆమె "ఎవరండీ ఇంట్లో?" అంటే కోడళ్లు గాదె వెనకకు పోయి దాక్కునేవాళ్లు. నేను పోయి "ఏమే, రొట్టె మాడుతాంది, యాడుండావు?" అంటే నవ్వుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. ఆ నవ్వు పోకముందే సిస్టరు లోపలికి రావాలి. దీన్ని ఏ ట్రైనింగులోనూ చెప్పరు. మీ ఉద్యోగంలో సగం ఇదే.

సిస్టరు నాకు దొరికిన మంచి అధికారి. బస్సు తప్పితే నల్లరేగడి బురదలో చెప్పులు చేతబట్టుకొని నడిచేవారు. ఒక సూది మందు పారబోసినా నన్ను తిట్టేవారు. నాకు అది నచ్చేది, నాకూ పారబోసేవాళ్లంటే పడదు. ఆమెకు తెలియనిది నన్ను అడిగేవారు, అడగడానికి సిగ్గుపడేవారు కాదు. అట్లాంటి అధికారి ఆ తర్వాత నాకు మళ్లీ తగల్లేదు.

వారం తిరక్కుండా పోయే బిడ్డలు

అప్పుడు మా ఊర్లలో ధనుర్వాతం ఎక్కువ. మీరు చూసి ఉండరు, చూడకూడదు కూడా. పుట్టిన బిడ్డ బాగానే ఏడుస్తుంది, బాగానే పాలు తాగుతుంది. వారం తిరిగేలోపల చన్ను పట్టడం మానేస్తుంది. దవడ బిగుసుకుంటుంది. తలుపు చప్పుడైతే చాలు ఒళ్లంతా విల్లు మాదిరి వంగిపోతుంది. గాలి సోకిందని ఊర్లో అనేవాళ్లు. బొడ్డు కొడవలితో కోసి, దాని మీద పేడ బూడిద అద్దడం వల్ల వచ్చేది అది. కడుపుతో ఉన్న తల్లికి నెల ఎడంతో రెండు సూదులు వేస్తే బిడ్డకు రాదు. రెండూ వేయాలి. ఒకటి వేసి ఊరుకుంటే వేయనట్టే.

మేము సూదులకు పోయే ఒక ఊర్లో కాన్పులు చేసే మంత్రసాని ఉసేనమ్మ. నాకంటే పదిహేనేండ్లు పెద్దది, నేను ఉసేనక్కా అనేదాన్ని. నల్లగా, పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. పురుడు పోస్తే ఇంత జొన్నలు, ఒక రవికె గుడ్డ తీసుకునేది. సిస్టరు ఆమెను ఆసుపత్రికి పిలిచి బ్లేడు, దారం నీళ్లలో మరగబెట్టడం నేర్పించారు. ఒకసారి చూసింది, మళ్లీ చెప్పించుకోలేదు.

సూది అనగానే ఊర్లో ఆడవాళ్లు భయపడ్డారు. అప్పుడు ఉసేనక్క నలుగురు చేరే విసురురాళ్ల వసారాలో కూర్చొని, చెయ్యి చాపి, "ముందు నాకు పొడువు సిస్టరమ్మా" అంది. సిస్టరు నా వైపు చూశారు. వేయండన్నాను. వేశారు.

"నీకేమే, ముసల్దానివి! నీకు కాన్పులు నిలిసి ఎన్నేండ్లాయ?" అని ఒకామె ఎత్తిపొడిచింది.

"అట్లనా? అయితే రేపు మా చిన్నదాన్ని పిల్సకొస్తా. దానికి ఐదో నెల. నా కూతురికి చెడుపు చేసుకుంటానా నేను?" అంది ఉసేనక్క.

మరుసటి రోజు నిజంగానే కూతురిని కూర్చోబెట్టి సూది వేయించింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. వాళ్లలో సుంకమ్మ ఒకతి. ఈరన్న అనే కూలీ మనిషి పెళ్లాం. ఇద్దరు బిడ్డలను కని, ఇద్దరినీ ఈ జబ్బుకే పోగొట్టుకుంది. మూడో కాన్పు. సూది వేయించుకొని చెయ్యి రుద్దుకుంటూ నన్ను అడిగింది:

"అక్కా, ఈసారన్నా నిలుస్తాడా?"

"రెండోది కూడా ఏపించుకో. నిలుస్తాడు" అన్నాను. అది నా సొంత మాట కాదు, సిస్టరు నేర్పిన మాట. ఉసేనక్క పక్కనే ఉంది. "నేనే తోడుకొస్తాలే. బొడ్డు నేనే కోస్తా, నా బ్లేడుతోనే కోస్తా" అంది. సుంకమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. అంత నమ్మకం నేను దేవుడి గుడి దగ్గర కూడా చూడలేదు.

పుకారు ఎట్లా పుట్టింది

అవి ఎమర్జెన్సీ రోజులు. మగవాళ్లకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల కోసం జీపులు తిరిగాయి. ఇన్ని చేయాలని పైనుంచి ఒత్తిడి. మా పక్క ఊరివాడు ఒకడు పత్తి బండి తోలుకొని ఆదోనికి పోయాడు. వాడికి ఒక్కతే కూతురు. మూడో రోజు జీపులో తెచ్చి ఇంటి ముందర దింపారు. వాడు మంచంలో గోడ వైపు తిరిగి పడుకొని ఎవరితోనూ మాట్లాడలేదు. వాడు మాట్లాడలేదు గనుక ఊరు మాట్లాడింది.

మగవాళ్లను అట్లా పట్టుకొని చేస్తున్నారు, ఆడవాళ్లను పట్టుకోలేక సూది రూపంలో చేస్తున్నారు అన్నారు. సూది వేయించుకుంటే ఇదే కడపటి కాన్పు అన్నారు.

అది అబద్ధం. కానీ ఆ అబద్ధానికి తల్లి ఎవరు? ఏదో ఒక వీధి అరుగు మీద కూర్చున్న పనిలేని ముసలమ్మ కాదు. మా శాఖ జీపే. జీపు చేసిన పని నిజం. ఆ నిజాన్ని చూసినవాళ్లు సూది గురించి అట్లా అనుకోవడంలో వింత లేదు. ఇది ఎంతమంది అధికారులకు చెప్పినా ఎక్కలేదు. చదువులేని జనం, అందుకే నమ్ముతారు అనేవాళ్లు. చదువులేని జనం తమ కళ్లతో చూసింది నమ్మారు. అది తప్పా?

ఈ పుకారు మా చెవికి తెచ్చింది కూడా ఉసేనక్కే. ఒక పొద్దున ఆసుపత్రికి నడిచి వచ్చింది.

"సిస్టరమ్మా, ఊర్లో ఇట్లిట్ల అనుకుంటాండారు. నలుగురైదుగురు ఆడోళ్లు అంతే. నన్నే అడిగినారు. మీరొక్కసారి రాండి. ఆ వసారాలోనే కూకొని మాట్లాడితే పోతాది. యాడికీ పాకలేదు ఇంకా."

సిస్టరు మరుసటి రోజే పోదామన్నారు. పోయి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ అదే గంటకు పై అధికారి తనిఖీకి వచ్చాడు. కొత్తగా వచ్చినవాడు, ఇస్త్రీ మడత నలగని మనిషి. సిస్టరు సంగతి చెబితే, "ఎవరామె? పిలవండి. ఆమె నోటితోనే వింటాను" అన్నాడు.

ఉసేనక్క అతని ముందర నిలబడి మొత్తం చెప్పింది. దాచలేదు. పత్తి బండివాడి సంగతి కూడా చెప్పింది. "అట్ల పట్టుకోని పోతే జనానికి భయం గాదా సార్?" అంది.

అధికారి ముఖం మారింది. "నువ్వు మంత్రసానివి కదా. ఆసుపత్రికి జనం వస్తే నీ బేరం పోతుంది కదా?" అన్నాడు.

నేను మరగబెట్టిన సూదుల గిన్నె పట్టుకొని వాకిట్లో ఉన్నాను. "సార్, ఈమె మా మనిషి. ఈమె వల్లే సూదులు పడుతున్నాయి" అన్నాను. "నిన్నెవరు అడిగారు? నీ పని చూసుకో" అన్నాడు. సిస్టరు గట్టిగానే వాదించారు. ఆయన ఫ్యాను కింద కూర్చొని ఇంకో మనిషితో మైకు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

మైకు

ఆ కాలానికి మైకే పెద్ద యంత్రం. జీపు మీద గొట్టం కట్టి ఊరూరా తిప్పితే అబద్ధం చచ్చిపోతుందని ఆయన నమ్మకం. "దేవరగట్టు కాడ దసరాకు కట్టెలతో తలకాయలు పగలగొట్టుకుంటారు గదా, మైకులో కట్టెలు వొద్దు, కట్టెలు వొద్దు అంటానే ఉంటారు. ఇన్యాడా ఎవుడన్నా?" అని ఉసేనక్క పోతూ పోతూ నాతో అంది.

కట్టింది ఏ జీపుకో తెలుసా? ఆపరేషన్లకు మగవాళ్లను ఎక్కించుకుపోయే జీపుకే. వేరే జీపు లేదట. దాన్ని చూడగానే మగవాళ్లు జొన్న చేలల్లోకి పరుగు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్లకు మైకు ఇట్లా చెప్పింది:

"గర్భిణీ స్త్రీలకు వేసే సూది వల్ల ఇక పిల్లలు పుట్టరని కొందరు పుకార్లు పుట్టిస్తున్నారు. అటువంటి పుకార్లు నమ్మవద్దు. పుకార్లు పుట్టించువారిపై కఠిన చర్యలు తీసుకోబడును."

పుకారు ఉన్నది ఒక్క ఊర్లో, నలుగురైదుగురు ఆడవాళ్ల నోట్లో. జీపు ఆ చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగింది. సినిమా టెంటులో బొమ్మ మొదలుకాకముందు ఇదే మాట అద్దం పలక మీద రాయించి తెర మీద వేశారు. తర్వాతి వారం మేము ఇంకో ఊరికి సూదులకు పోతే, వేరుశెనగ బుడ్డలు ఒలుచుకుంటున్న ఒక తాత నన్ను ఆపాడు.

"ఏమమ్మా, ఆ సూదేస్తే ఇంక పిల్లలు పుట్టరంటనే?"

"ఎవరు సెప్పినారు తాతా?"

"జీపు."

"జీపు అది అబద్ధం అని గదా సెప్పింది?"

"అంత పెట్రోలు కాల్సుకొని వొచ్చి, కాదు కాదు అని అరుస్తాండారంటే, లోపల ఏమో ఉన్నట్టే గదమ్మా. ఏం లేనిదానికి ఎవురన్నా పెట్రోలు కాలుస్తారా?"

నేను రూపాయి ఖర్చుకు పదిసార్లు ఆలోచించే మనిషిని. ఆ తాత లెక్క నాకు తప్పుగా కనిపించలేదు. ఆ ఊర్లో ఆ రోజు ఒక్క సూది కూడా పడలేదు. మరగబెట్టినవి మరగబెట్టినట్టే తిరిగి తెచ్చాము.

ఇది మీరు గుర్తుపెట్టుకోండి. అబద్ధం ఎంత దూరం పోయిందో అంత దూరమే జవాబు పోవాలి. అంతకంటే ఒక్క గడప దాటినా, మీరు జవాబు చెప్పడం లేదు, అబద్ధాన్ని మోస్తున్నారు. ఇప్పుడు మీ ఫోన్లలో "ఇది నమ్మకండి" అని ఎర్ర అక్షరాలతో అందరికీ పంపుతున్నారు చూడండి, అది నాకు ఆ జీపు మాదిరే కనిపిస్తుంది.

కేసు

మైకుతో ఆగి ఉన్నా కొంత సర్దుకునేవాళ్లం. "కఠిన చర్యలు" అన్నారు కదా, ఒకటైనా చూపించాలి. పుకారు పుట్టించినవాళ్లు ఎవరని పైనుంచి అడిగారు. ఈ అధికారికి ఆ పుకారు చెప్పిన మనిషి ప్రపంచంలో ఒక్కతే. తన ముందర నిలబడి, తన చెవితో వినిపించిన ఉసేనమ్మ.

పట్టపగలు, ఊరంతా చూస్తుండగా తీసుకుపోయారు. ఆమె వాకిట్లో కారం దంచుతూ ఉందట. "సారు పిలుస్తాండాడు, మాట్లాడి వొద్దువుగాని రా" అన్నాడట పోలీసు. రోకలి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుంటా అందట. కడుక్కోనివ్వలేదు. ఆ కారం చేతులతోనే మైకు కట్టిన ఆ జీపే ఎక్కింది. ఆ జీపు ఎక్కినవాళ్లు ఏమవుతారో ఊరికి తెలుసు.

సిస్టరూ నేనూ స్టేషనుకు పోయాము. ఉసేనక్క వరండాలో గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి, ఏడ్చినందుకో, కారం చేతులతో తుడుచుకున్నందుకో.

"సెల్లే, నేను సెప్పింది తప్పా?" అని నన్ను అడిగింది.

"కాదక్కా."

"మరి ఎందుకు కూకోబెట్టినారు?"

సిస్టరు లోపలికి పోయి అడిగారు. పైవాళ్లు చెబితే తప్ప వదలలేమన్నారు. కొన్ని రోజులు ఉంచుకొని, కేసు లేదని పంపించేశారు. కేసు లేదు! ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంతలో ఊరు తన లెక్క తాను వేసుకుంది. సూది మంచిదని చెప్పింది ఉసేనమ్మ. ఆమెనే పట్టుకుపోయారంటే ఏమర్థం? అసలు సంగతి ఆమెకు తెలిసిపోయి ఉంటుంది, బయటపెడుతుందని పట్టుకుపోయారు. నలుగురైదుగురు అనుమానపడ్డ ఊరు మొత్తంగా నమ్మింది. ఇంకొకటి కూడా జరిగింది. అంతవరకు ఆడవాళ్లు ఆ అనుమానాన్ని మా ముందర అనేవాళ్లు. మా ముఖం మీదే "మాకు పిల్లలు కాకుండా చేస్తారంటగదా" అనేవాళ్లు. అంటే జవాబు చెప్పేవాళ్లం. ఆ రోజు తర్వాత ఒక్కరూ అనలేదు. "బాగున్యారా సిస్టరమ్మా" అంటారు, మంచినీళ్లు ఇస్తారు, తలుపు వేసుకుంటారు. నోరు మూయించగలిగారు గానీ మనసులో ఉన్నదాన్ని కదిలించలేకపోయారు. అది మాకు వినపడని చోటికి పోయి కూర్చుంది.

రెండో సూది

సుంకమ్మకు రెండో సూది వేయాల్సిన రోజు వచ్చింది. పోయాము. ఆమె అత్త వాకిట్లో అడ్డంగా కూర్చొని ఉంది.

"పత్తికొండ పక్క వాళ్లమ్మగారింటికి పోయింది. యెప్పుడొస్తాదో తెల్దు."

లోపల గాదె పక్కన గాజులు గలగలమన్నాయి. అత్తకూ వినపడింది, మాకూ వినపడింది. నేను గడపలో నిలబడే గట్టిగా అన్నాను.

"సుంకమ్మా, రెండు బిడ్డలు పోయినారు గదే. ఇది మూడోది. ఒక్క సూదికి ఏం గాదు. రావే."

గాజులు మళ్లీ గలగలమన్నాయి. తర్వాత చీకట్లో నుంచి మాట వచ్చింది.

"అక్కా, ఉసేనమ్మత్తను పిల్సకరా. ఆమె ఏపించుకోమంటే ఏపించుకుంటా."

అక్కడి నుంచి నేరుగా ఉసేనక్క ఇంటికి పోయాము. ఆమె గోనెపట్ట మీద కూర్చొని ఉంది. కూతురు నీళ్లు తెచ్చి ఇచ్చింది. సిస్టరు నేల మీదే కూర్చొని బతిమాలారు. ఉసేనక్క అంతా విన్నది. గొంతు ఎప్పటి మాదిరి లేదు, పక్కన ఉన్నవాళ్లకే వినపడేంత ఉంది.

"సిస్టరమ్మా, నువ్వు మంచిదానివి. నీ మీద కోపం లేదు. కానీ నేను సెప్పను. సూది ఏపించుకో అని సెప్పను, వొద్దు అని సెప్పను. ఆ మాట నా నోట్లో రాదు."

"అక్కా, సుంకమ్మ నీ మాట కోసం కూసోనుంది" అన్నాను.

"నా మాట కోసమా? నా మాట ఏమాయనో సూడలేదా నువ్వు? ఉన్నదున్నట్టు సెప్తే జీపెక్కించిరి. రేపు ఆ బిడ్డకు ఇంకేదో రోగమొచ్చి పోతే, ఉసేనమ్మే సంపింది అంటారు. మళ్లీ జీపు. నాకు ముగ్గురు పిల్లోళ్లు ఉండారు."

"బొడ్డన్నా కోస్తావా వచ్చి?"

"నన్ను పిల్సరులే. పోలీసోళ్లు పట్టుకోని పోయినదాన్ని పురిటింట్లోకి ఎవురు పిలుస్తారు?"

ఆమె చెప్పిందే అయింది. సుంకమ్మకు నొప్పులు వస్తే ఇంకొక ముసలామెను పిలిచారు. మగబిడ్డ. కొడవలితో కోసి, పేడ బూడిద అద్దారు. మాకు కబురు అందేసరికి బిడ్డ చన్ను వదిలేశాడు. మేము పోయినప్పుడు ఈరన్న బయట ఉన్న కోళ్లను తోలుతున్నాడు, చప్పుడు కాకూడదని. సిస్టరు బిడ్డను ఆదోనికి తీసుకుపోదామన్నారు. బండి కట్టారు. ఊరి పొలిమేరలో గతుకుల దారి మొదలుకాగానే బిడ్డ ఒళ్లు వంగింది. కొంచెం దూరం పోయాక ఈరన్న ఎద్దులను వెనక్కి తిప్పాడు.

సుంకమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "ఆ సూది మంచిదేనా అక్కా? నిజం సెప్పు ఇప్పుడన్నా."

మంచిదే అని చెప్పాను. ఆ మాట నిజం. చెప్పకుండా ఉండి ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేదేమో. కానీ నేను అబద్ధం చెప్పే పనిలో లేను.

అధికారి మెప్పు

ఆ తర్వాత ఆసుపత్రిలో సమావేశం పెట్టారు. ఆ అధికారి ఉసేనక్క ఊరి పేరు చెప్పి మెచ్చుకున్నాడు. ఆ ఊరి నుంచి ఇప్పుడు ఒక్క పుకారు కూడా వినిపించడం లేదని, కఠినంగా ఉంటే ఫలితం ఇట్లా ఉంటుందని అన్నాడు.

సిస్టరు లేచి నిలబడ్డారు. "నిజమే సార్. పుకారు వినిపించడం లేదు. మాతో మాట్లాడే మనిషే లేరు ఆ ఊర్లో. మొన్న ఒక బిడ్డ చనిపోయాడు" అన్నారు.

"బిడ్డల చావుకూ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోతుంటే కూర్చోమన్నాడు. కొంతకాలానికి సిస్టరును ఎక్కడో దూరానికి బదిలీ చేశారు. పోతూ పోతూ తన స్టవ్వు నాకు ఇచ్చి పోయారు. దాన్ని చాలా ఏండ్లు వాడాను.

అతను చెడ్డవాడని అనుకోకండి. లంచం తిన్నట్టు నేను చూడలేదు. పుకారును ఆపాలనే అనుకున్నాడు. కాకపోతే పుకారు ఎవరి నోట్లో ఉంటే వాళ్లే దాని యజమాని అనుకున్నాడు. పుకారును మోసేవాళ్లలో భయంతో మోసేవాళ్లు ఉంటారు, మీకు తెలపాలని మోసుకొచ్చేవాళ్లు ఉంటారు. కావాలని పుట్టించేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు, వాడు మీకు దొరకడు. వాడు మీ ముందుకు వచ్చి నిలబడడు. మీకు చిక్కేది మీ దగ్గరకు నడిచి వచ్చినవాళ్లే. శైలజ చెప్పిన కొత్త నిబంధన సంగతి విన్నప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇదే. "మేడం, మా గ్రూపులో ఇట్లా వచ్చింది, నిజమేనా?" అని మీకు పంపిన ఆ పిల్ల ఫోన్లో కూడా ఆ అబద్ధం ఉంటుంది కదా. మీ యంత్రానికి ఆమెకూ దాన్ని పుట్టించినవాడికీ తేడా తెలుస్తుందా? తెలుస్తుందంటే మంచిదే. తెలుసుకున్నాకే కేసు రాయండి.

ఎమ్మిగనూరు సంతలో

ఎనభైలలో నన్ను ఎమ్మిగనూరు వైపు వేశారు. పిల్లలకు టీకాలు, పోలియో చుక్కలు బాగా మొదలైన కాలం. ఉసేనక్క ఊరూ మా కిందికే వచ్చింది. అక్కడ మళ్లీ ఏదో అనుకుంటున్నారని కొత్త సిస్టరుకు అనుమానం. ఎంత పిలిచినా పిల్లలను తేవడం లేదు. ఏమనుకుంటున్నారో ఒక్కరూ చెప్పరు.

ఒక సంత రోజు ఎండుమిరపకాయల దగ్గర ఉసేనక్క కనిపించింది. జుట్టు తెల్లబడింది. చంకలో మనవడు, చిన్న కూతురి కొడుకు. అప్పట్లో సూది వేయించుకున్న ఆ కూతురికి తర్వాత ఇంకో ముగ్గురు పుట్టారు. ఊర్లో ఆ పిల్లలు కళ్ల ముందర తిరుగుతున్నా ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పిల్లవాడి చొక్కా భుజం మీద నుంచి జారింది. టీకా మచ్చ కనిపించింది. శుభ్రంగా మానిన మచ్చ.

"యాడ ఏపించినావక్కా? మా దగ్గర ఏపించలేదే?"

"ఆదోనికి పోయి ఏపించినా. సుక్కలు గూడా ఏపించినా. పిల్లోళ్లందరికీ ఏపించినా."

"ఊర్లో తెలుసునా?"

చొక్కా పైకి లాగి మచ్చ కప్పింది. "వాళ్లతో నాకేం పని?"

నేను దగ్గరగా పోయాను. "అక్కా, ఊర్లో పిల్లోళ్లను తేవడం లేదు. ఏమనుకుంటాండారు? నాకొక్కదానికి సెప్పు. నీ పేరు బయటికి రాదు. నా బిడ్డల మీద ఒట్టు."

ఉసేనక్క నా ముఖం చూసింది. పాత రోజుల్లో ఆసుపత్రి మెట్లు ఎక్కుతూనే చెప్పడం మొదలుపెట్టే మనిషి ఆమె.

"నాకు సెవుడొచ్చింది సెల్లే" అంది. "ఊర్లో ఏమనుకుంటారో నాకు ఇనపడదు."

సరేనని నేను వెనక్కి తిరిగాను. నాలుగు అంగళ్ల అవతల ఒకడు మిరపకాయల ధర తగ్గించి, పక్కవాడికి వినపడకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చిన్నగా చెబుతున్నాడు. ఉసేనక్క మనవణ్ణి ఎగేసుకొని నా పక్క నుంచే ఆ ధర వినపడిన వైపు నడిచింది.